ఇంజెక్షన్‌తో తగ్గిన గజ్జి పందులకు మళ్లీ వచ్చింది, ఏం చేయాలి?

పల్నాడు రైతు:
అందరికీ నమస్కారం. మా దగ్గర 15 యార్క్‌షైర్ పందులున్నాయి, రెండు తల్లులు, ఒక పోతు, మిగతావి పిల్లలు. రెండు నెలల కింద ఐదు పిల్లలు గోడకేసి ఒకటే రుద్దుకుంటుంటే గజ్జి అని వాటికీ, వాటి తల్లికీ ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చేశాను, పది రోజుల్లో తగ్గింది. ఇప్పుడు మళ్లీ మొదలైంది, ఈసారి రెండో తల్లికి కూడా. రాత్రి షెడ్‌లోకి వెళ్తే తలలు విదిలించే చప్పుడే. ఈ తల్లికి ఒక చెవి వాచి సంచిలా వేలాడుతోంది, ఇంకో మూడు వారాల్లో ఈనాలి, అదే నా టెన్షన్. నా ముంజేతుల మీద కూడా దద్దుర్లు లేచాయి. ఊళ్లో కాలిన ఇంజనాయిల్ పూయమంటున్నారు, పూయొచ్చా?

పశువైద్యుడు, తిరుపతి:
ఎంత డోసు, ఎన్నిసార్లు? పోతుకి చేశారా?

పల్నాడు రైతు:
తల్లి 150 కేజీలుంటుంది సార్, 3 ఎంఎల్ ఒక్కసారే చేశాను, గేదెలకు చేసే లెక్కే. పోతు గోక్కోవడం లేదని దానికి చేయలేదు.

పశువైద్యుడు, తిరుపతి:
మూడు చోట్లా పొరపాటు జరిగిందండీ. 1 శాతం ఐవర్‌మెక్టిన్ గేదెకైతే 50 కేజీలకు 1 ఎంఎల్, పందికి 33 కేజీలకే 1 ఎంఎల్. మీ తల్లికి నాలుగున్నర పడాలి. చెవి వెనక వదులుగా ఉండే చర్మం కింద చేయాలి, కండలోకి కాదు. ఈ మందు గజ్జి పురుగు గుడ్లను చంపదు. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి 14వ రోజు రెండో డోసు తప్పనిసరి. పోతు చెవి లోపల టార్చి వేసి చూడండి. ముదురు గజ్జి ఉన్న పెద్ద పంది పెద్దగా గోక్కోదు, కానీ చెవిలో పెచ్చుల కింద వేల పురుగులు దాచుకుని దాటించిన ప్రతి ఆడపందికీ అంటిస్తుంది. అందుకే గోక్కున్నా లేకపోయినా 15కీ ఒకే రోజు చేయించాలి. చూడి తల్లికీ చేయొచ్చు. రెండో డోసు ఈనడానికి వారం ముందు పడుతుంది, అప్పుడు ఒళ్లు కడిగి శుభ్రమైన గదిలోకి మార్చండి, పుట్టే పిల్లలకు అంటదు. వాచిన చెవిలో ఉన్నది రక్తం, విదిలించి విదిలించి రక్తనాళం చిట్లింది. దాన్ని మీరు కోయకండి, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. మాంసానికి అమ్మేవాటికి సీసా మీద రాసినన్ని రోజులు ఆగాలి, మందును బట్టి 18 నుంచి 28 రోజులు.

గన్నవరం దగ్గరి రైతు:
అన్నా, ఇంజనాయిల్ మాత్రం వద్దు. మా నాన్న పూసేవాడు, ఎండకి చర్మం కాలి ఊడొచ్చేది, దురద మాత్రం అలాగే ఉండేది. మేము ఇప్పుడు ఇంజెక్షన్‌తో పాటు 12.5 శాతం అమిట్రాజ్ అనే పైపూత పురుగుమందు లీటరు నీళ్లకు 4 ఎంఎల్ కలిపి, చేతులకు గ్లౌజులు వేసుకుని, ఒళ్లంతా తడిసేలా కొడతాం, పది రోజులకు ఇంకోసారి. కింద పరిచిన గడ్డి తీసి కాల్చేయండి, పంది రుద్దుకున్న గోడలూ కడగండి. మీ దద్దుర్లు కూడా ఆ పురుగువే. అది మనిషి ఒంట్లో పెరగదు, పందులకు తగ్గితే మీకూ తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి.

పల్నాడు రైతు:
పోతు చెవి తిప్పి చూశాను సార్, లోపల తడిసిన తవుడు మెత్తినట్టు బూడిద రంగు పెచ్చు, గోటితో తీస్తే అట్టలా ఊడింది. ఏడాదిగా మేత వేస్తున్నా, ఒక్కసారి చూడలేదు. ఈరోజు పొద్దున డాక్టరు గారిని పిలిపించి 15కీ చేయించాం. రెండో డోసు తేదీ షెడ్డు గోడ మీద సుద్దతో రాశాను.