కొత్త 4 టీబీ హార్డ్‌డిస్క్ బిగించాం, దిస్ పీసీలో కనపడట్లేదు. ఫార్మాట్ ఎలా చేయాలి?

బ్రాడీపేట_వీడియో:

గుంటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే సిస్టమ్ అండి. విండోస్ 11. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో సీ డ్రైవ్ ఒక్కటే ఉంది. ఫుటేజీ కోసం 4 టీబీ సాటా హార్డ్‌డిస్క్ (3.5 అంగుళాలది) కొత్తది తెచ్చి క్యాబినెట్‌లో బిగించాం. బయోస్‌లో పేరు వస్తోంది, దిస్ పీసీలో మాత్రం లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఎంబీఆరా, జీపీటీనా అని అడుగుతోంది. ఏది నొక్కితే ఏమవుతుందోనని క్యాన్సిల్ కొట్టాను.

ఏది పెట్టాలి? 1 టీబీ చొప్పున నాలుగు పార్టిషన్లు చేసుకోమని ఒకరన్నారు, చేయాలా? క్విక్ ఫార్మాట్ చాలా? ముహూర్తాలు మొదలయ్యాక డిస్క్ ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టడం కుదరదు, అందుకే ముందే అడుగుతున్నా.

పటమట_సిస్టమ్స్:

బయోస్‌లో వస్తోందంటే కేబుళ్లు సరిగానే ఉన్నాయి. కొత్త డిస్క్ మీద పార్టిషన్ టేబుల్ (ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పట్టిక, ఎంబీఆర్ దానిలో పాత రకం, జీపీటీ కొత్త రకం) ఉండదు, అందుకే దిస్ పీసీలో రాదు. అది ఫాల్టు కాదు.

జీపీటీ పెట్టండి. 4 టీబీకి ఇంకో ఆలోచనే అక్కర్లేదు. ఎంబీఆర్‌లో సెక్టార్ నంబరుకి 32 బిట్లే చోటు. 512 బైట్ల సెక్టార్లతో లెక్క కడితే 2 టీబీ దగ్గర నంబర్లు అయిపోతాయి. పొరపాటున ఎంబీఆర్ నొక్కితే 2048 జీబీ వాడకానికి వస్తుంది, మిగతా 1678 జీబీ నల్లటి పట్టీ కింద అన్‌అలొకేటెడ్ అని పడి ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ కొట్టినా కొత్త వాల్యూమ్ చేయనివ్వదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీకి మార్చాలంటే ఉన్న వాల్యూములన్నీ డిలీట్ చేయాల్సిందే. ఖాళీగా ఉన్న ఇప్పుడే తేల్చేసుకోవడం నయం.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లండి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కొత్తగా పెట్టిందే డిస్క్ 1 అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. సాటా డిస్క్ తగిలించాక అదే డిస్క్ 0 అయి, మీ విండోస్ ఉన్న ఎన్‌వీఎంఈ డిస్క్ 1కి జరగొచ్చు. నంబరు నమ్మకుండా ఎడమవైపు బూడిదరంగు పెట్టె మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో మోడల్ పేరు చూడండి. డిస్క్ మీద లేబుల్‌తో అది కలవాలి.

ఆ పెట్టె మీదే ఇనిషియలైజ్ డిస్క్, జీపీటీ, ఓకే. తర్వాత నల్ల పట్టీ మీద రైట్ క్లిక్, న్యూ సింపుల్ వాల్యూమ్. సైజు ఎంత చూపిస్తే అంతే ఉంచండి. ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్, అలొకేషన్ యూనిట్ (ఫైలుకి ఇచ్చే చోటులో కనీస ముక్క) డీఫాల్ట్. వీడియోలకి 64 కేబీ పెడితే స్పీడు వస్తుందని చెబుతుంటారు, హార్డ్‌డిస్క్‌లో మీకు తెలిసేంత తేడా ఉండదు. పైగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేలకొద్దీ చిన్న ఫైళ్లు చేస్తుంది, ఒక్కో చిన్న ఫైలూ 64 కేబీ మింగుతుంది.

డ్రైవ్ లెటర్ అడిగినప్పుడు డీ కాకుండా వీ లాంటి చివరి అక్షరం ఇవ్వండి. కార్డ్ రీడర్లు, పెన్‌డ్రైవ్‌లు మొదటి అక్షరాల కోసమే ఎగబడతాయి. లెటర్ మారిందంటే ప్రాజెక్ట్ తెరవగానే మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్ర స్క్రీన్ వస్తుంది.

ఫార్మాట్ అయ్యాక 3.63 టీబీ చూపిస్తుంది. షాపువాళ్లతో గొడవకి వెళ్లకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే.

కొత్తపేట_ఎల్‌ఈడీ:

పైన చెప్పినదంతా కరెక్టే, క్విక్ ఫార్మాట్ సంగతి మాత్రం వదిలేశారు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ టిక్కు ముందే పెట్టి ఉంటుంది, తీసేయండి. క్విక్ అంటే ఫైల్ సిస్టమ్ పట్టికలు మాత్రమే రాసి వదిలేస్తుంది, డిస్క్ ఉపరితలాన్ని ముట్టుకోదు. ఫుల్ ఫార్మాట్ (విస్టా నుంచి) ప్రతి సెక్టార్‌లోనూ సున్నాలు రాస్తుంది. ఎక్కడైనా బలహీనమైన చోటు ఉంటే పెళ్లి ఫుటేజీ ఎక్కకముందే బయటపడుతుంది, షాపువాడు మార్చి ఇచ్చే గడువులోనే తెలుస్తుంది.

సగటున సెకనుకి 150 ఎంబీ అనుకున్నా 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది. రాత్రి స్టూడియో మూసేటప్పుడు పెట్టండి, స్లీప్ నెవర్‌లో ఉంచండి. మధ్యలో కరెంటు పోతే డిస్క్‌కి ఏమీ కాదు, ఫార్మాట్ మాత్రం మొదటి నుంచి చేయాలి.

ఫార్మాట్‌కి ముందోసారి, తర్వాతోసారి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో (డిస్క్ ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్) చూడండి. 05 (చెడిపోయి మార్చిన సెక్టార్లు), సీ5 (అనుమానంలో ఉన్నవి), సీ6 (సరిచేయలేనివి) ఈ మూడింటి రా వాల్యూ, అంటే అసలు లెక్క, సున్నా ఉండాలి. కొత్త డిస్క్‌లో సీ5 ఒకటి కనపడినా ఉంచుకోకండి, మార్పించండి. సీ7 (డేటా వచ్చే దారిలో తప్పులు) పెరుగుతుంటే డిస్క్ కాదు, సాటా డేటా కేబుల్ అనుమానించాలి. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు గానీ పెరగడం ఆగితే చాలు. పవర్ ఆన్ అవర్స్ వందల్లో ఉంటే అది కొత్తది కాదు.

గవర్నర్‌పేట_రెండర్:

పార్టిషన్ల గురించి. హార్డ్‌డిస్క్‌ని నాలుగు ముక్కలు చేస్తే రక్షణ వస్తుందనేది పాతకాలపు నమ్మకం. మోటారు ఒకటే, హెడ్లు అవే, పోతే నాలుగూ కలిసే పోతాయి. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి ఫైలు జరిపితే ఊరికే పేరు మారదు, మొత్తం చదివి మళ్లీ రాయాలి, హెడ్ అటూ ఇటూ పరిగెత్తుతుంది. ఒక్కో ముక్కలో 150 జీబీ చొప్పున మిగిలి, 400 జీబీ పెళ్లి ఎందులోనూ పట్టని రోజు కూడా వస్తుంది. ఒకే వాల్యూమ్ ఉంచి, లోపల సంవత్సరం, నెల, పెళ్లివారి ఇంటిపేరు ఫోల్డర్లు చేసుకోండి.

ఇంకోటి, మోడల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి సీఎంఆరా ఎస్‌ఎంఆరా చూశారా? సీఎంఆర్‌లో ట్రాకులు (డేటా రాసే వలయాలు) విడివిడిగా ఉంటాయి, ఎస్‌ఎంఆర్‌లో పెంకుటింటి కప్పులా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. ఒకటి తిరగరాయాలంటే పక్కవాటిని కూడా రాయాలి. మొదట 150 ఎంబీతో మొదలైన కాపీ, వంద జీబీ దాటాక 30కి పడిపోతే కారణం ఇదే కావచ్చు. 2020లో దీని మీద గొడవయ్యాక కంపెనీలు ఏ మోడల్ ఏ రకమో జాబితాలు బయటపెట్టాయి. ఎస్‌ఎంఆర్ అయితే పారేయక్కర్లేదు, అయిపోయిన పెళ్లిళ్లు దాచడానికి వాడండి. నడుస్తున్న ప్రాజెక్టులు ఎన్‌వీఎంఈ మీదే ఉంచండి.

బ్రాడీపేట_వీడియో:

అందరికీ థ్యాంక్స్ అండి. మోడల్ సీఎంఆర్ అనే ఉంది. జీపీటీ చేసి ఫుల్ ఫార్మాట్ పెట్టాను, నడుస్తోంది. ఇంకో డౌటు. ఇలాంటిదే రెండోది బ్యాకప్‌కి కొందామనుకుంటున్నాం. బోర్డ్ మీద ఖాళీగా ఉన్న సాటా పోర్టులో ఫార్మాట్‌కి ముందు ఇదే డిస్క్ పెట్టి చూస్తే బయోస్‌లో కూడా రాలేదు. పోర్టు పోయిందా? ఎస్‌ఎంపీఎస్‌లో (పవర్ సప్లై) సాటా పవర్ పిన్ను కూడా ఇంకోటి మిగల్లేదు.

పటమట_సిస్టమ్స్:

పోర్టు పోయి ఉండదు. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాటు (ఎన్‌వీఎంఈ పెట్టేది), ఒకటి రెండు సాటా పోర్టులు ఒకే లేన్‌ని (డేటా దారిని) పంచుకుంటాయి. ఎం.2లో డ్రైవ్ పెట్టగానే ఆ పోర్టులు ఆగిపోతాయి. బోర్డ్ మాన్యువల్‌లో స్టోరేజ్ పట్టికలో ఏ పోర్టు ఏ స్లాటుతో పోతుందో రాసి ఉంటుంది, అందులో లేని పోర్టు వాడండి.

పవర్‌కి నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటా కన్వర్టర్ అమ్ముతారు. వైర్లు ప్లాస్టిక్‌లో పోతపోసినట్టు ఉండేది వద్దు. లోపల వైర్లు దగ్గరై షార్టయి, కాలిపోయిన సందర్భాలు ఉన్నాయి. వైర్లు ఒక్కొక్కటీ విడిగా క్లిప్పులో నొక్కి ఉన్న రకం తీసుకోండి. మీది మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే) ఎస్‌ఎంపీఎస్ అయితే దాని డబ్బాలో వచ్చిన కేబులే పెట్టండి. ఇంకో ఎస్‌ఎంపీఎస్ కేబుల్ అచ్చంగా పట్టేస్తుంది గానీ లోపల వోల్టేజీ వరస వేరుగా ఉండొచ్చు, ఆన్ చేయగానే డిస్క్ బోర్డ్ కాలుతుంది.

కొత్తపేట_ఎల్‌ఈడీ:

రెండోది బ్యాకప్‌కే అయితే లోపల పెట్టడం ఎందుకండి? ఒకే ఎస్‌ఎంపీఎస్ మీద రెండూ ఉంటే, అది పోతూ రెంటినీ పట్టుకుపోవచ్చు. సొంత అడాప్టర్ ఉన్న 3.5 అంగుళాల యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి, కాపీ అయ్యాక తీసి ఇంట్లో పెట్టండి. విండోస్‌తోనే వాడితే అదీ ఎన్‌టీఎఫ్‌ఎస్. మ్యాక్ వాళ్లకి ఇచ్చి రాయించుకునే పని ఉంటేనే ఎక్స్‌ఫ్యాట్, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది గానీ దానంతటది రాయలేదు. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (చేయబోయే మార్పులు ముందే రాసుకునే చిట్టా) లేదు, ఎజెక్ట్ చేయకుండా వైరు పీకితే ఫోల్డర్లు చెడే అవకాశం ఎక్కువ.

క్యాబినెట్‌లో ఉన్నదానికి ముందువైపు ఒక 120 ఎంఎం ఫ్యాన్ పెట్టండి. చాలా డెస్క్‌టాప్ డిస్కులకి కంపెనీ పరిమితి 60 డిగ్రీలు. రోహిణి కార్తెలో గుంటూరులో గదే 42 ఉంటే, ఏసీ ఆపిన స్టూడియోలో రెండర్ పెట్టి వెళ్లినప్పుడు డిస్క్ ఆ 60ని తేలిగ్గా అందుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 50 దాటనివ్వకండి.

ఫోల్డర్ తెరిచినప్పుడల్లా మొదట కొన్ని సెకన్లు ఆగుతుంటే కంగారు పడకండి. పవర్ ఆప్షన్స్‌లో టర్న్ ఆఫ్ హార్డ్‌డిస్క్ ఆఫ్టర్ మామూలుగా 20 నిమిషాలు ఉంటుంది, డిస్క్ ఆగి మళ్లీ తిరగడానికి పట్టే సమయం అది. సున్నా పెడితే ఆగదు.