నర్సుకు ఇంతమందే రోగులని చట్టం చెప్పాలా?

ప్రజారోగ్య విద్యార్థి:
అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి, ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్యకు 2004 నుంచి పరిమితి విధించింది. ఐసీయూలో ఇద్దరికి, సాధారణ వార్డులో 2005 నుంచి అయిదుగురికి మించరాదు. ఇలాంటి పరిమితి చట్టంలోనే ఉండాలని నా అభిప్రాయం. అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ఆధారం. అమెరికాలోనే మరో రాష్ట్రమైన పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న 2.3 లక్షలకు పైగా రోగుల వివరాలను ఆ బృందం పరిశీలించింది. నర్సు మీద ఒక్కో రోగి భారం పెరిగినకొద్దీ, ఆసుపత్రిలో చేరిన 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువైనట్టు తేలింది.

ఆసుపత్రి పరిపాలకుడు:
ఆ 7 శాతాన్ని చదివేవారు పొరబడే ప్రమాదం ఉంది. ఆ అధ్యయనంలో మరణించినవారు మొత్తం రోగుల్లో సుమారు 2 శాతం. పెరుగుదల ఆ 2 శాతం మీద లెక్కించినదే గాని, నూటికి ఏడుగురు అదనంగా చనిపోయారని కాదు. పైగా అది ఒకే కాలంలో వేర్వేరు ఆసుపత్రులను పోల్చి చూసిన అధ్యయనం. ఆసుపత్రి పరిమాణం, అది బోధనాసుపత్రి అవునా కాదా, అక్కడి సాంకేతిక సదుపాయాలేమిటి అన్నవాటిని పరిశోధకులు లెక్కలోకి తీసుకున్నా, కొలతకు అందని తేడాలు మిగిలే ఉంటాయి. అమెరికా రాష్ట్రమైన మసాచుసెట్స్‌లో 2018లో ఇలాంటి పరిమితినే ప్రజల ఓటుకు పెడితే, పదిమందిలో దాదాపు ఏడుగురు వద్దన్నారు. నర్సులు దొరకని చిన్న ఆసుపత్రులు పడకలు తగ్గించుకోవలసి వస్తుందన్న భయం అక్కడి చర్చలో బలంగా వినిపించింది. నా ఆందోళన కూడా అదే.

స్టాఫ్ నర్సు, సర్జికల్ వార్డు:
పరిపాలకులు గారూ, మీ లెక్క సరైనదే. దాని ప్రకారమే చూసినా వెయ్యిమందిలో 20 మరణాలు 21 దాటుతాయి, అదీ నర్సుకు ఒక్క రోగి పెరిగినందుకే. రోగులు నలుగురి నుంచి ఎనిమిదిమంది అయితే పెరుగుదల 31 శాతమని అదే అధ్యయనం చెప్పింది.

అసలు ఆ మరణం ఎలా వస్తుందో చెప్పనివ్వండి. పొట్ట ఆపరేషన్ అయిన రోగికి లోపల ఇన్ఫెక్షన్ మొదలైతే, తరచుగా ముందు ఊపిరి వేగం పెరుగుతుంది. నిమిషానికి 16 సార్లు తీసుకునే మనిషి 24 సార్లు తీసుకుంటాడు, యూరిన్ బ్యాగులో గంటగంటకూ చేరే మూత్రం తగ్గుతుంది, అడిగినదానికి జవాబు తడబడుతుంది. బీపీ పడిపోయేది చాలాసార్లు ఆ తర్వాతే. ఊపిరిని సరిగా లెక్కపెట్టాలంటే మంచం పక్కన నిండా ఒక నిమిషం నిలబడాలి. నైట్ డ్యూటీలో ఇరవైమందికి ఒక్కరే ఉన్నప్పుడు ఇంజెక్షన్లు, సెలైన్లు, కొత్త అడ్మిషన్ల మధ్య ఆ నిమిషం దొరకదు. కేస్ షీటులో అందరికీ 18 అనో 20 అనో లెక్కపెట్టకుండానే రాసేస్తారు. ఎవరి కంటా పడని మార్పు గురించి సర్జన్‌కు ఫోన్ వెళ్లదు, ఆయన ఎంత నిపుణుడైనా సరే. అందుకే ఆ పరిశోధకులు కాంప్లికేషన్ వచ్చాక కాపాడలేకపోయిన రోగులను విడిగా లెక్కించారు. అక్కడా పెరుగుదల 7 శాతమే.

ఆసుపత్రి పరిపాలకుడు:
నైట్ డ్యూటీ గురించి మీరు చెప్పినదాన్ని కాదనను. అయితే చట్టం వచ్చాక ఫలితాలు మారాయని చూపే రుజువు కావాలి. ఆసుపత్రులను పక్కపక్కన పెట్టి పోల్చితే చాలదు, చట్టానికి ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అన్నది చూడాలి.

ప్రజారోగ్య విద్యార్థి:
అలాంటిది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉంది. అక్కడ 2016లో పగటి షిఫ్టుల్లో నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు అని నిర్ణయించారు. అది వార్డు మొత్తానికి సగటు కాబట్టి, బరువైన కేసుకు ఎక్కువమంది నర్సులను కేటాయించే వెసులుబాటు హెడ్ నర్సుకు మిగిలింది. చట్టం వర్తించిన 27 ఆసుపత్రులను, వర్తించని 28 ఆసుపత్రులను చట్టానికి ముందూ తర్వాతా పరిశీలించిన అధ్యయనం 2021లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. మొదటి వర్గంలో మరణించే అవకాశం సుమారు 11 శాతం తగ్గగా, రెండో వర్గంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రోగులు త్వరగా ఇంటికి వెళ్లడం వల్ల, మళ్లీ చేరడం తగ్గడం వల్ల మిగిలిన డబ్బు అదనపు నర్సులకైన ఖర్చుకు రెట్టింపని ఆ పరిశోధకులు అంచనా వేశారు. చిన్న ఆసుపత్రుల గురించి మీ ఆందోళనను మాత్రం నేను అంగీకరిస్తాను, వాటికి గడువు ఇవ్వాలి.

స్టాఫ్ నర్సు, సర్జికల్ వార్డు:
మన దేశంలోనూ ప్రమాణం ఉంది. బోధనాసుపత్రిలో ముగ్గురికి, సాధారణ ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి చెబుతుంది. చిక్కంతా లెక్కపెట్టే తీరులో ఉంది. ముప్పైమంది రోగులున్న వార్డుకు పదిమంది నర్సులను చూపిస్తే కాగితం మీద ముగ్గురికి ఒకరు ఉన్నట్టే. మూడు షిఫ్టులుగా విడదీసి, వీక్లీ ఆఫ్‌లు, సెలవులు తీసేస్తే రాత్రికి ఇద్దరు మిగులుతారు, అంటే ఒక్కొక్కరికి పదిహేనుమంది. రోగి బంధువులు మంచం పక్కనే ఉండి సెలైన్ అయిపోతోందని చెప్పడం, మంచినీళ్లు పట్టడం, పక్క తిప్పడం చేస్తుంటారు కాబట్టి ఈ కొరత బయటికి కనబడదు. చట్టం వచ్చినా రాకపోయినా, ప్రతి షిఫ్టులో ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులున్నారో వార్డు తలుపు దగ్గర బోర్డు మీద రాయాలన్న నియమాన్ని ముందుగా పెట్టించుకోవాలి. దానికి కొత్త నియామకాలేవీ అక్కర్లేదు.