సైన్ ఇంటర్‌ప్రెటింగ్‌లో మన లైను ఏదో ఎలా తేల్చుకోవాలి?

పలాస పిల్ల:
ఐఎస్‌ఎల్ (ఇండియన్ సైన్ లాంగ్వేజ్) ఇంటర్‌ప్రెటేషన్ డిప్లొమా అయింది, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు కూడా వచ్చింది. అమ్మకీ నాన్నకీ వినపడదు కాబట్టి నాకు చేతుల భాష చిన్నప్పట్నుంచీ వచ్చు. ఇప్పుడు ఆసుపత్రికి రమ్మంటారు, పోలీస్ స్టేషన్‌కి రమ్మంటారు, ఆఖరికి పెళ్లిచూపులకి కూడా. సర్టిఫికెట్ మీద ఇంటర్‌ప్రెటర్ అనే ఉంది గానీ ఏ పనికో లేదు. మెడికల్, లీగల్ అని వేరే గుర్తింపు ఉండొద్దా? నేను దేనికి పనికొస్తానో నాకెలా తెలుస్తుంది?

సిక్కోలు అక్క:
ఉండాలి తల్లీ. అమెరికాలో టెక్సాస్ వాళ్లు కోర్టుకి వేరు, ఆసుపత్రికి వేరు పరీక్ష పెడతారు. మనకి ఆ ఏర్పాటు వచ్చేదాకా మనమే చూసుకోవాలి.

నేను ఎక్కువగా డయాలసిస్ వార్డులకే వెళ్తాను. ఉద్దానం పక్కనున్న నీకు కిడ్నీ జబ్బు గురించి నేను చెప్పాలేటి! కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్షలోని క్రియాటినిన్‌కి సైన్ ఎవరైనా నేర్చుకుంటారు. ఫిస్టులా సంగతి చూడు, అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్. ఆ చేతికి బీపీ కట్టకూడదు, బరువు మోయకూడదు, సూదులున్న నాలుగు గంటలూ కదపకూడదు. మనవాళ్లకి చెయ్యే నోరు కదా. మామూలుగా వాడకం తక్కువున్న చేతికే పెడతారు, కానీ తినే చెయ్యి, రాసే చెయ్యి అని అడుగుతారే తప్ప మాట్లాడే చెయ్యి ఏదని అడగాలని ఎవరికీ తోచదు. ఆపరేషన్‌కి ముందే డాక్టర్ని ఆపి, పేషెంటుని ఆ మాట అడగమంటాను.

నీళ్ల గొడవ ఇంకోటి. వూళ్లో అందరూ కిడ్నీకి నీళ్లు బాగా తాగమంటారు. డయాలసిస్‌కి వచ్చాక డాక్టరు గ్లాసులు లెక్కపెట్టి తాగమంటాడు. పేషెంటు నమ్మడు, నువ్వే తప్పు చెప్పావంటాడు. ఈ తేడా ఎందుకో తెలిసినదానివైతే తడబడవు. ఎక్కడ ఆపి అడగాలో తెలిసిన చోటు నీ లైను. ఏం అడగాలో కూడా తోచని చోటికి వెళ్లకు, డబ్బులిచ్చినా సరే.

విజయనగరం కోర్టు పక్షి:
అక్క చెప్పింది ఆసుపత్రికి సరే. కోర్టులో అలా మధ్యలో సలహా ఇస్తే జడ్జిగారు వూరుకోరండీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 125వ సెక్షన్ ప్రకారం, మాట్లాడలేని సాక్షికి ఇంటర్‌ప్రెటర్ సాయం తీసుకుంటే ఆ వాంగ్మూలం వీడియో తీయాలి. మన ప్రతి సైనూ రికార్డే. 'కొట్టాడా?' అని లాయరు అడిగారనుకోండి. మనం పిడికిలి చూపిస్తే పిడికిలితో కొట్టినట్టు, అరచెయ్యి చూపిస్తే చెంపదెబ్బ. జవాబు ప్రశ్నలోనే పెట్టేసినట్టే కదా! 'ఈ మాటకి సైన్‌లో విడిగా రూపం లేదు' అని జడ్జిగారికే చెప్పి, ఎలా అడగాలో ఆయన్నే తేల్చమనాలి. ఇది నేర్చుకోనిదే స్టేషన్ మెట్లెక్కొద్దు.

బొబ్బిలి డెఫ్:
నేను వినికిడి లేనివాణ్ణి. మా వూళ్లో బడికెళ్లని పెద్దాయనకి ఐఎస్‌ఎల్ రాదు, ఇంట్లో సైగలే. మీరు చేసేవి ఆయనకి సగమే అందుతాయి. అలాంటప్పుడు నాలాంటి డెఫ్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరు దేనికి పనికొస్తారో మమ్మల్ని కూడా అడగండి, మా గ్రూపులో వీడియో పెడితే మొహమాటం లేకుండా చెప్తాం.

పలాస పిల్ల:
అక్కా, స్టేషన్ వాళ్లకి రానని చెప్పేశాను. వార్డుకి మీతో రావచ్చా?

సిక్కోలు అక్క:
పేషెంటు ఒప్పుకుంటే రా. గాజులు తీసేసి రా, రంగురంగుల చీరలొద్దు, చేతులు కనపడాలి.