సమస్యాపూరణం: "మందగతి సాగు నావలే ముందు చేరు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం. మంద–ముందు ప్రాసయతి. విషయం 1995 నాటి అంతరిక్ష వ్యూహ క్రీడ 'స్టార్స్!'లో మైన్లను, అంటే శత్రువు దారిలో పరిచిన పేలుడు ఉచ్చులను, ఊడ్చే ఓడలు. ఆడనివారి కోసం కొంచెం చెబుతాను. వార్ప్ అంటే ఓడ వేగపు మెట్టు. మామూలు మైన్ల క్షేత్రంలో వార్ప్ 4 దాకా ఏ భయమూ లేదు. అది దాటితే, పెంచిన ఒక్కో వార్ప్‌కీ ప్రతి కాంతి సంవత్సరం దూరానికీ 0.3 శాతం ప్రమాదం. వార్ప్ 9తో ఏడాదికి 81 కాంతి సంవత్సరాలు పోవచ్చు కానీ, దారంతా మైన్లే అయితే తగలకుండా బయటపడే అవకాశం 30 శాతం లోపే. నా మొదటి ఆటలో వలస ఓడలన్నీ ఇలాగే పోగొట్టుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గుంటూరు సభ్యుడు:
గురువుగారూ, నా పూరణ:

నాలుగింటికి మించక నడచు నోడ
మైనుఁ దాఁకదు; కిరణాల మాపు వాని;
దుడుకు వారలు నడుమనే తునిఁగి నిలువ
మందగతి సాగు నావలే ముందు చేరు.

డాలస్ సభ్యురాలు:
పద్యం హాయిగా నడిచింది తమ్ముడూ. ఒక్క సందేహం. 80 కాంతి సంవత్సరాలు దాటడానికి వార్ప్ 4కి అయిదేళ్లు, వార్ప్ 9కి ఏడాది. మైను తగిలి ఆగినా మరుసటి ఏడు మళ్లీ బయలుదేరవచ్చు కదా? మెల్లగా పోయేవాడు ముందు ఎలా చేరతాడు?

గుంటూరు సభ్యుడు:
అందుకే అక్కా "తునిఁగి" అన్నాను. మైను తగిలితే దళం ఉన్నచోటే ఆగిపోతుంది, పైగా దెబ్బ మొత్తం 500 పాయింట్లకి తగ్గదు. రెండు మూడు చిన్న ఓడలున్న దళానికి ఆ ఒక్క దెబ్బ చాలు. మళ్లీ బయలుదేరడానికి ఎవరూ మిగలరు.

నిర్వాహకుడు:
మంచి సమర్థన. "కిరణాల మాపు" అనడం కూడా సరిగ్గా ఉంది. మైన్లను ఊడ్చేవి కిరణాయుధాలే, టార్పెడోలు ఎన్ని మోసుకెళ్లినా ఒక్క మైను కూడా పోదు. "నాలుగింటికి" దగ్గర మాత్రం ఏ మైనో చెప్పాలి. హెవీ మైన్లకు ఆ హద్దు ఆరు.

డాలస్ సభ్యురాలు:
ఇక నాది. పిల్లలు పడుకున్నాక రాశాను, యతులు చూడండి.

దవ్వు మూఁడున్న తొమ్మిది తడవ లూడ్చు;
కిరణ మొక్కటి యున్నను కీడు కరుగు;
తెరపి దారిని వెనువెంట దళము నడువ
మందగతి సాగు నావలే ముందు చేరు.

నిర్వాహకుడు:
మొదటి పాదం నాకు ఎంతో నచ్చింది. ఆయుధ బలాన్ని అది అందే దూరం వర్గంతో హెచ్చిస్తే ఏడాదికి ఊడ్చే మైన్లు వస్తాయి. లేజర్ బలం 10, దూరం 1, అంటే పది మైన్లే. కొలాయిడల్ ఫేజర్ బలం 26, దూరం 3, అంటే 234. ఆ తొమ్మిది రెట్ల కిటుకంతా ఒక్క పాదంలో ఇమిడింది. మినీ గన్ లాంటి గాట్లింగ్ రకం ఆయుధాలు మాత్రం ఈ లెక్కకు లొంగవు. మినీ గన్ బలం 13, దూరం 2 కాబట్టి 52 రావాలి, కానీ 208 ఊడుస్తుంది. అందుకే చవకగా ఊడ్పు ఓడలు కట్టేవాళ్లు దాన్ని ఎంచుకుంటారు.

మూడో పాదంలో యతి తప్పింది. "తె"కి "ద" హల్లు కుదిరినా అచ్చు కుదరదు. "తెరపి దారిని వెనువెంటఁ దిన్నగాను" అంటే సరిపోతుంది, సమస్యకు అన్వయం కూడా బాగుంటుంది.

డాలస్ సభ్యురాలు:
ధన్యవాదాలు, అలాగే మార్చుకుంటాను. "మందుపాతర" అని వాడదామనుకుని మానేశాను. పాతర అంటే నేలలో గొయ్యి, శూన్యంలో గొయ్యి ఎక్కడిది?

వరంగల్ సభ్యుడు:
మైను అనడమే నయం. నా పూరణ:

అంచు మొదటను కదలక యలయఁ జేయు;
వలయ మటుపైన వడివడి వాడిపోవు;
ఓర్పు గలవాని కెప్పుడు నోటమేది?
మందగతి సాగు నావలే ముందు చేరు.

క్షేత్రం వ్యాసార్ధం మైన్ల సంఖ్యకు వర్గమూలం. పదివేల మైన్లుంటే 100 కాంతి సంవత్సరాలు. దాన్ని 90కి తేవాలంటే 1,900 మైన్లు ఊడ్చాలి. అదే 20 నుంచి 10కి రావాలంటే 300 చాలు. మొదటి ఏళ్లలో అంచు కదలడం లేదని విసిగి వెనక్కి వచ్చేసినవాళ్లని చాలామందిని చూశాను.

నిర్వాహకుడు:
నేనూ వచ్చేశానండీ, ఇంకో రెండేళ్లు ఆగాల్సింది. "వాడిపోవు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పటంలో ఆ వలయం ఏడాదికేడాది ముడుచుకోవడం కళ్లకు కట్టింది. స్పీడ్ ట్రాప్ అనే మూడో రకం మైన్లకు వార్ప్ హద్దు అయిదు, దాని మీద ఇంకా ఎవరూ రాయలేదు. ఆదివారం దాకా సమస్య తెరిచే ఉంచుతాను.