టీఐ-84 ప్లస్‌లో తెలుగు: మార్చిన ఓఎస్ ఎమ్యులేటర్‌లో నడుస్తుంది, క్యాలిక్యులేటర్‌లోకి ఎక్కడంలేదు

లెక్కల_అయ్యవారు (అనంతపురం)

అందరికీ నమస్తే. మా హైస్కూలుకు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) కంపెనీ పాత టీఐ-84 ప్లస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్లు కొన్ని విరాళంగా వచ్చినాయి. నలుపు-తెలుపు తెర ఉన్న మోడల్, ఓఎస్ (మిషన్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) 2.43. తొమ్మిది, పది తరగతుల పిల్లలు గ్రాఫులు బాగానే గీస్తారు గానీ, తప్పు వచ్చినప్పుడు తెర మీద ఇంగ్లీషులో పడే మాట అర్థంకాక అక్కడే ఆగిపోతున్నారు. ఆ మాటలు తెలుగులో రావాలని నా ఆశ.

చేసింది ఇదీ: రోమ్ ఫైలు (క్యాలిక్యులేటర్ మెమరీకి కాపీ) తీసి, అందులోని ఫాంట్ పట్టికలో కొన్ని గుర్తుల చోట తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టినాను. టిలెమ్ ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ మీద క్యాలిక్యులేటర్‌ను అనుకరించే ప్రోగ్రాం) అక్షరాలు కనపడుతున్నాయి. అదే మార్పు ఓఎస్ అప్‌డేట్ ఫైల్లో చేసి టిఎల్‌పితో (కేబుల్ ద్వారా ఫైళ్ళు పంపే ప్రోగ్రాం) పంపితే చివరిదాకా పోతుంది, ఆ తర్వాత ఓఎస్ ఇన్‌స్టాల్ చేయమనే తెర దగ్గరే నిలబడిపోతుంది. మిషన్ పాడైనట్టేనా? ఈ పని అసలు ఎట్ల చేయల్ల?

తుంగభద్ర_జడ్80 (కర్నూలు)

అయ్యవారూ, పాడు కాలేదు. ముందు దాన్ని మామూలు స్థితికి తెచ్చుకోండి. నాలుగు ట్రిపుల్ ఏ బ్యాటరీల్లో ఒకటి తీయండి. డెల్ కీ నొక్కి పట్టుకునే ఆ బ్యాటరీ మళ్ళీ పెట్టి, తర్వాత కీ వదలండి. ఓఎస్ కోసం ఎదురుచూసే తెర వస్తుంది. టీఐ ఇచ్చిన అసలు 2.43 ఫైలునే, ఏ మార్పూ లేకుండా, పంపండి. బ్యాటరీలు కొత్త ఆల్కలైన్‌వి వేయండి. ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) రాసేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి నీరసపడిన సెల్‌తో మధ్యలో ఆగిపోతుంది. కేబుల్ మినీ యూఎస్‌బీ, ఇప్పటి ఫోన్ల మైక్రో కాదు. పాత డిజిటల్ కెమెరాలు బాగుచేసే షాపుల్లో అడగండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అంటగడతారు, డేటా తీగలు ఉన్నదేనా అని అక్కడే ల్యాప్‌టాప్‌కు పెట్టి చూసుకోండి.

ఎందుకు ఎక్కలేదంటే, ఓఎస్ ఫైలు చివర 512 బిట్ల ఆర్‌ఎస్‌ఏ సంతకం (ఫైలు టీఐదేనని రుజువు చేసే అంకెల ముద్ర) ఉంటుంది. మొత్తం ఓఎస్‌కు ఎండీ5 (ఫైలునంతా ఒక చిన్న సంఖ్యగా కుదించే పద్ధతి) లెక్కగట్టి దానిమీద వేసిన సంతకం అది. ఒక్క బైటు మారినా అది కలవదు. ఓఎస్ రావడం మొదలవగానే బూట్ కోడ్ (మిషన్‌లో అన్నిటికన్నా ముందు నడిచే కోడ్) పాతదాన్ని చెల్లనిదిగా చేస్తుంది. అంతా వచ్చి, సంతకం సరిపోతేనే మెమరీ సున్నా పేజీలో (పేజీ అంటే 16 కిలోబైట్ల ముక్క) హెక్స్ (పదహారు ఆధారంగా రాసే అంకెలు) 56వ చిరునామా దగ్గర 5ఎ, ఎ5 అనే రెండు బైట్లు రాస్తుంది. అవి లేకపోతే ఓఎస్ లేనట్టే లెక్క. మీకు వచ్చింది ఆ తెరే. టిలెమ్ రోమ్‌ను నేరుగా నడిపిస్తుంది, సంతకం ఊసే ఎత్తదు. అందుకే అక్కడ పనిచేసింది.

బూట్ కోడ్ ఉండే పేజీ మీద మామూలు దారుల్లో రాయడం కుదరదు. ఓఎస్ ఎంత చెడినా డెల్ దారి తెరిచే ఉండేది దానివల్లే. ఆ ధైర్యంతో ప్రయోగాలు చేసుకోవచ్చు.

మార్చిన ఓఎస్‌కు కొత్త సంతకం వేయడమూ సాధ్యమే. 2009లో బెంజమిన్ మూడీ అనే ఆయన టీఐ-83 ప్లస్ ఓఎస్ కీని, అంటే సంతకానికి ఆధారమైన పెద్ద సంఖ్యను, రెండు కోర్ల మామూలు కంప్యూటర్ మీద 73 రోజుల్లో కారణాంకాలుగా విడగొట్టినాడు. కొద్ది వారాల్లోనే మిగతా కీలను చాలామంది తమ కంప్యూటర్లు కలిపి విడగొట్టినారు. టీఐ లీగల్ నోటీసులు పంపింది, ఈఎఫ్‌ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ వాళ్ళు కీలు విడగొట్టినవాళ్ళ పక్షాన నిలబడినారు. మీ మోడల్‌కు కావల్సింది 0ఎ కీ. ర్యాబిట్‌సైన్ అనే సంతకం వేసే ప్రోగ్రాంకు ఆ కీ ఫైలు ఇచ్చి సంతకం వేయిస్తే మిషన్ ఒప్పుకుంటుంది.

ఒక అడ్డంకి ఉంది. మోడ్, ఆల్ఫా, ఎస్ వరుసగా నొక్కితే సెల్ఫ్ టెస్ట్ తెరలో బూట్ కోడ్ వెర్షన్ కనిపిస్తుంది. అక్కడ ఎంటర్ మాత్రం నొక్కొద్దు, టెస్ట్ మొదలైతే ర్యామ్ తుడిచిపెడుతుంది. వెర్షన్ 1.03 అయితే 2048 బిట్ల ఇంకో సంతకం కూడా అడుగుతుంది. అది విడగొట్టగలిగేది కాదు. 1.02 లేదా అంతకన్నా పాతదైతేనే ఈ దారి.

పెన్నా_అసెంబ్లీ (కడప)

సంతకం గురించి తుంగభద్ర అన్న చెప్పింది అక్షరాలా నిజం. కానీ అయ్యవారికి కావల్సిన పనికి ఓఎస్‌ను ముట్టుకోవడమే అనవసరం అంటాను. రెండు కారణాలు.

మొదటిది తెర. 96 అడ్డం, 64 నిలువు చుక్కలు. పెద్ద ఫాంట్‌లో ఒక్కో గడి 6×8, బొమ్మకు దక్కేది 5×7. అందులో ‘ర’, ‘ప’ ఎట్లోగట్ల పడతాయి. ‘క్ష’, ‘స్త్రీ’ పట్టవు. నాలుగు గడులు అతికించి ఒక అక్షరం చేద్దామంటే గడుల మధ్య ఖాళీ వరుస తెల్లగీతలాగ కోస్తుంది. ఫాంట్ పట్టిక ఎంత మార్చినా ఈ హద్దు పోదు. పైగా మీరు బొమ్మ మార్చిన గుర్తు మిగతా చోట్ల కూడా తెలుగు అక్షరమై కూర్చుంటుంది.

రెండోది, ఓఎస్‌లోనే హుక్‌లు ఉన్నాయి. కీ నొక్కినప్పుడు, మెనూ తెరిచినప్పుడు, అక్షరం గీసేటప్పుడు ఓఎస్ మన కోడ్‌ను పిలుస్తుంది. టీఐ సొంతంగా ఇచ్చిన ఫ్రెంచి, స్పానిష్ భాషల యాప్‌లు ఇట్లాంటి హుక్ ఆధారంగానే నడుస్తాయి. యాప్‌కు ఓఎస్ కీ అక్కర్లేదు. 0104 అనే ఫ్రీవేర్ కీని టీఐయే బయటికి ఇచ్చింది, అది ర్యాబిట్‌సైన్‌తోనే వస్తుంది. బూట్ కోడ్ 1.03 ఉన్నా యాప్‌కు ఇబ్బంది లేదు.

నేనైతే ఇట్ల కడతాను. ఒక పేజీ ఫ్లాష్ యాప్, అంటే 16 కిలోబైట్లు. దాన్ని తెరిచినప్పుడు రా కీ హుక్ (కీ నొక్కగానే పిలిచే హుక్) పెట్టుకుంటుంది. హుక్ కోడ్‌లో మొదటి బైటు హెక్స్ 83 అయి తీరాలి, లేకపోతే ఓఎస్ దాన్ని హుక్‌గా ఒప్పుకోదు. తప్పు తెర మీద పిల్లవాడు వార్స్ (VARS) కీ నొక్కితే మన కోడ్ ఎర్రర్ నంబర్ చదవాలి. ఆ బైటులో పై బిట్ ‘గోటూ’కు (తప్పు ఉన్న చోటికి తీసుకుపోయే ఎంపిక) గుర్తు, దాన్ని తీసేసి చూడాలి. అప్పుడు 2 అంటే సున్నాతో భాగించడం, 4 అంటే డొమైన్, 8 అంటే సింటాక్స్, 11 అంటే మాత్రికల పరిమాణాలు కలవకపోవడం. దానికి తగిన తెలుగు మాట గీసి, ఏదైనా కీ నొక్కేదాకా ఆగి, పాత తెర తిరిగి పెట్టాలి. ఉన్నది తప్పు తెరేనా అని మొదటే చూసుకోండి, లేకపోతే వార్స్ కీ మామూలుగా పనిచేయకుండా పోతుంది.

అక్షరాలు ఓఎస్ ఫాంట్‌తో కాదు, మనమే 768 బైట్ల గ్రాఫ్ బఫర్‌లో (తెర బొమ్మను ఉంచే మెమరీ చోటు) చుక్కలు పెట్టి తెరకు పంపాలి. వరుసకు 16 చుక్కల ఎత్తు పెట్టుకోండి: పైన 10 అక్షరానికి, కింద 6 ఒత్తుకు. తెరకు నాలుగు వరుసలు వస్తాయి. 36 హల్లులకు 13 గుణింతాల చొప్పున 468 రూపాలు, ఒక్కోటి 16×10 అంటే 20 బైట్లు, మొత్తం 9,360. ఒత్తులు 36, ఒక్కోటి 8×6, అంటే 216 బైట్లు. అచ్చులు, సున్నా, కోడ్ అన్నీ కలిపినా పేజీలో చోటు మిగులుతుంది. యూనికోడ్ ఊసే వద్దు: అక్షరానికి రెండు బైట్లు, ఒకటి హల్లు, ఒకటి గుణింతం, ఒత్తుకు ఇంకో బైటు.

తేడా వచ్చేది మూడు చోట్ల. ఐత్వం కింది తోక, వట్రసుడి, ఈ రెండూ ఒత్తు పడే 6 వరుసల్లోకి దిగుతాయి. వాటిని 10 వరుసల బొమ్మలో ఇరికించకుండా ఒత్తుల పట్టికలోనే వేరే గుర్తులుగా పెట్టండి. క్రావడి ఎడమ నుంచి మొదలవుతుంది, మిగతా ఒత్తుల్లాగ కుడికి జరిపితే చదవడం కష్టం. ‘ప’ లాంటి అక్షరాల్లో తలకట్టుకు, అక్షరం ఒంటికి మధ్య ఒక చుక్క ఖాళీ తప్పనిసరి. ఈ తెర మీద అది లేకపోతే ‘ప’కు, ‘వ’కు తేడా తెలీదు.

తుంగభద్ర_జడ్80 (కర్నూలు)

తమ్ముడు చెప్పిన యాప్ దారే మేలు, నేనూ ఒప్పుకుంటా. ఓఎస్ మార్చడం ఎప్పుడు కావాలంటే, హుక్ లేని చోట ప్రవర్తన మారాలన్నప్పుడు. అప్పుడు కూడా ఫ్లాష్ స్వభావం గుర్తుపెట్టుకోవాలి: బిట్‌ను 1 నుంచి 0 చేయడం తేలిక, 0 నుంచి 1 చేయాలంటే 64 కిలోబైట్ల సెక్టార్ మొత్తం చెరపాలి. సర్టిఫికెట్ (మిషన్ గుర్తింపు వివరాలు) ఉండే పేజీ జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

యాప్ కోసం స్పాజమ్-ఎన్‌జీ అసెంబ్లర్ (రాసిన కోడ్‌ను మిషన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) చాలు. తయారైన ఫైలును ముందు టిలెమ్‌లో వేసి, ఒక్కో ఎర్రర్‌నూ కావాలని తెప్పించి చూడండి. పాత తెరను దాచుకునే బఫర్ విషయంలో జాగ్రత్త: దానంతటదే ఆఫ్ అయ్యే ఏర్పాటు కూడా అదే చోటు వాడుకుంటుంది. తెలుగు మాట చూపిస్తున్నంతసేపు ఆటో ఆఫ్ ఆపేయండి, తర్వాత మళ్ళీ పెట్టండి.

లెక్కల_అయ్యవారు (అనంతపురం)

డెల్ పద్ధతితో మిషన్ లేచింది, చాలా సంతోషం. బూట్ కోడ్ చూస్తే కొన్నిట్లో 1.02, కొన్నిట్లో 1.03 ఉంది. కాబట్టి యాప్ దారే పడతాను. ఒక్క సందేహం: పిల్లలు ర్యామ్ రీసెట్ చేస్తే యాప్ పోతుందా?

పెన్నా_అసెంబ్లీ (కడప)

యాప్ ఆర్కైవ్‌లో (ఫ్లాష్ మెమరీలో) ఉంటుంది, ర్యామ్ రీసెట్‌తో పోదు. పోయేది హుక్ చిరునామా, అది ర్యామ్‌లో ఉంటుంది. యాప్స్ కీ నొక్కి యాప్‌ను ఒకసారి తెరిస్తే మళ్ళీ పడుతుంది. రా కీ హుక్ వాడే యాప్ ఇంకొకటి అదే మిషన్‌లో ఉంటే ఆఖరున తెరిచిన దానిదే చెల్లుతుంది, అందుకని వేరేవి తీసేయండి. ఆర్కైవ్ అంతా చెరిపే రీసెట్ ఇంకొకటి ఉంది, అది చేస్తే మాత్రం యాప్‌ను మళ్ళీ కేబుల్‌తో పంపాల్సిందే. ఒక మిషన్ నుంచి ఇంకోదానికి లింక్ తీగతో కూడా పంపొచ్చు, ప్రతిసారీ కంప్యూటర్ అక్కర్లేదు.