నాగార్జునకొండ శాసనాల్లో ఇంతమంది ఆడవాళ్లు, తర్వాత ఏమయ్యారు?

కృష్ణాతీరం:
నాగార్జునకొండ మ్యూజియం చూసొచ్చాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, మహాసేనుడి (కుమారస్వామి) భక్తుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ మాత్రం బౌద్ధ మహాచైత్యానికి (పెద్ద స్తూపానికి) స్తంభాలు ఎత్తించింది. ఒకే కుటుంబంలో ఇదెలా కుదిరింది? తర్వాతి రాజుల రాగిరేకు శాసనాల్లో ఇలాంటి ఆడపడుచులు ఎందుకు కనబడరు?

రాతిపలక:
గొడవపడ్డారనడానికి ఆధారం లేదండి. శాంతమూలుడి యజ్ఞాలను ఆమె శాసనమే వరుసపెట్టి పొగుడుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది, ఆ దానపు పుణ్యాన్ని ఆమె పంచిన తీరు. తన రెండు కులాలకీ, అంటే పుట్టింటికీ మెట్టింటికీ, పోయినవాళ్లకీ ఉన్నవాళ్లకీ పుట్టబోయేవాళ్లకీ చెందాలని రాయించింది. మహాతలవరుడి (రాజు కింది పెద్ద అధికారి) భార్య అయ్యాక కూడా పుట్టిల్లు ఆమెదే! మేనరికాలూ అప్పటికే ఉన్నాయి. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు ఇంకో మేనత్త హమ్మశ్రీ కూతుళ్లిద్దర్ని చేసుకున్నాడు.

పల్నాటి మనవరాలు:
రాజుల సంగతి సరే, బోధిశ్రీ శాసనం చూడండి. ఆమె రాణి కాదు, రేవతుడనే గృహపతి (మామూలు గృహస్థు) కూతురు. వీరపురుషదత్తుడి పాలన 14వ ఏట సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం (స్తూపమున్న పూజామందిరం) కట్టించి, భర్త, అమ్మానాన్నలు, అన్నదమ్ములు, చెల్లెలు, వాళ్ల పిల్లలు, తాత, నాయనమ్మ అందర్నీ పేరుపేరునా చెక్కించింది. పిల్లల్లో మహా చందముఖుడు, చుల్ల చందముఖుడు అని ఇద్దరున్నారు. మన ఇళ్లల్లో పెద్ద వెంకన్న, చిన్న వెంకన్న ఉన్నట్టే. చదివినప్పుడల్లా నాకు మా ఊరి కుటుంబమే గుర్తొస్తుంది.

వేంగినాడు:
రెండో ప్రశ్నకు నా అభిప్రాయం. ఇక్ష్వాకులు వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర అని తల్లి గోత్రంతో చెప్పుకున్నారు. వాళ్ల తర్వాత వేంగినేలిన శాలంకాయనులు 'బప్పభట్టారక పాదభక్త' అంటూ తండ్రి పాదాలను తలుచుకుంటారు. ఆ రాగిరేకులు దాదాపు భూమి పట్టాలు. దానం పుచ్చుకున్న బ్రాహ్మణుడి గోత్రం, వేదశాఖ, తండ్రి, తాత పేర్లుంటే చాలు. భూమి కొడుకులకీ మనవలకీ పోవాలి కాబట్టి ఆ వరుసే రాశారు. అంతమాత్రాన ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లలేదనకూడదు. ఏడో శతాబ్దంలో తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలో జైన వసదికి (గుడికి) దానం చేసింది. తేడా ఒకటే, బోధిశ్రీలాంటి మామూలు ఇంటి ఆడపడుచు పేరు దొరకడం బాగా తగ్గిపోయింది.