నియాన్ టెట్రా చేపలు ఒక్కొక్కటే పోతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాం?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. పాప పోరు పడలేక నెల కిందట రెండడుగుల ట్యాంకు కొన్నాం. అదే రోజు ఎనిమిది నియాన్లు, ఒక చిన్న ఏంజెల్ చేప వేశాం. ఇప్పుడు నియాన్లు మూడే మిగిలాయి. అవీ ఫిల్టర్ వెనక నక్కి, మేతకు కూడా బయటికి రావు. శుభ్రతలో మాత్రం లోటు లేదండీ. ప్రతి ఆదివారం నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు కడిగి, ఫిల్టర్ స్పాంజి పిండి బాల్కనీలో ఆరేస్తాను. వాడేది బోరు నీళ్లు.

జవాబు: ఆ ఆదివారం పనే కొంప ముంచింది. మొదట్లో నేనూ డాబా మీద స్పాంజి ఎండబెట్టినవాణ్నే లెండి.

చేపల మలం, మిగిలిపోయిన మేత వల్ల నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజిలో, గులకరాళ్ల మీదే కాపురం ఉంటుంది. కొత్త ట్యాంకులో అది కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరేమో వారం వారం ఎండబెట్టి మళ్లీ మొదటికి తెస్తున్నారు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అమ్మోనియా కంటికి కనబడదు.

ఇకనుంచి వారానికి పావు వంతు నీళ్లే మార్చండి. ఫిల్టర్ ధార సన్నబడితేనే స్పాంజి తీసి, ట్యాంకులోంచి తోడిన నీళ్లలో రెండుసార్లు పిండి వెంటనే పెట్టేయండి. కాస్త జిడ్డుగా ఉన్నా అలాగే వదిలేయండి. మేత రెండు నిమిషాల్లో తినేసేంత చాలు.

ఆ మూడూ దాక్కోవడానికి గుంపు లేకపోవడం కూడా ఒక కారణం. ఆరుకి తగ్గితే వాటికి ధైర్యం ఉండదు. అలాగని ఇప్పుడే కొనకండి. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే.

మరొకరు: ఏంజెల్ సంగతి ఎవరూ అనరేం? పెరిగాక దాని నోట్లో నియాన్ పట్టేస్తుంది. ఇంకోటి, నియాన్లు అమెజాన్ ప్రాంతపు మెత్తటి (లవణాలు తక్కువుండే) నీళ్ల చేపలు. మీ హీటర్ రాడ్డు మీద తెల్లగా సున్నం కడుతుందా? కడితే మీవి గట్టి నీళ్లన్నట్టే, నియాన్లు మానేసి జీబ్రా డానియోలు ఆరేడు పెంచుకోండి. మన ఉత్తరాది వాగుల చేపలే, గట్టి నీళ్లకు బాగా తట్టుకుంటాయి. మూత మాత్రం తప్పనిసరి, ఎగిరి బయట పడతాయి.

అడిగినవారు: రాడ్డు మీద పెచ్చులు పెచ్చులుగా ఊడుతోందండీ! కానీ ఏంజెల్‌ని ఇచ్చేద్దామంటే పాప ఒకటే ఏడుపు. పేరు కూడా పెట్టేసింది.

జవాబు: పేరు పెట్టాక పంపలేం లెండి. అయితే నియాన్లనే బాగా కుదురుకున్న ట్యాంకు ఉన్నవాళ్లకి ఇచ్చేయండి. డానియోలూ వద్దు, ఏంజెల్ రెక్కలు కొరుకుతాయి. దానికి మాత్రం ఒకటిన్నర అడుగుల ఎత్తు కావాలి. మీ ట్యాంకు ఎత్తెంత?

అడిగినవారు: పన్నెండు అంగుళాలు. ఈ మాట మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.